ఖాళీ సైటులో కూరగాయల తోట – ఒక బ్యాంకు గుమాస్తా జమాఖర్చులు

(మన ట్రస్టు వార్షిక విద్యార్థి వేతనాల ప్రదానోత్సవ సందర్భంగా బెంగళూరులో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. బి.కాం. చదివి, 36 సంవత్సరాలు ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి, 2018లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒకటే – వచ్చినది ఎడమవైపు, పోయినది కుడివైపు వ్రాసి, సాయంత్రానికి రెండూ సరిపోయాయా లేదా అని చూడడం. కార్యదర్శిగారు "పిల్లలకు ఉపయోగపడేది ఏదైనా నాలుగు మాటలు చెప్పండి" అన్నప్పుడు పొదుపు గురించి చెబుదామనుకున్నాను. అయితే పొదుపు గురించి మీ అమ్మలకు నేను చెప్పేదేమీ లేదు, వారే నాకు చెప్పగలరు. అందుచేత నేను పదవీ విరమణ తరువాత నేర్చుకున్న విషయం, అందులో నేను చేసిన పొరపాటుతో సహా, మీ ముందు పెడుతున్నాను. అది మా లేఔటులోని కూరగాయల తోట సంగతి.

మా లేఔటు బెంగళూరుకు తూర్పున, హొసకోటె వెళ్ళే దారిలో ఉన్నది. ఒకప్పుడు అవన్నీ రాగి చేలు, ద్రాక్ష తోటలు. ఈ ప్రాంతంలో ద్రాక్ష పండించేవారి కోసం 1959లో డాక్టర్ మరిగౌడగారు ఆరంభించిన సహకార సంఘమే తరువాత హాప్‌కామ్స్ అయినది. మీలో చాలామంది ఇళ్ళలో ఆ అంగడి పండ్లు, కూరగాయలే తింటారు. ఇప్పుడు ఆ చేలు సైట్లయ్యాయి, సైట్లు ఇళ్ళయ్యాయి. మధ్య మధ్య ఇల్లు కట్టని సైట్లు మిగిలిపోయి, వాటిలో వయ్యారిభామ కలుపు, చెత్త సంచులు, పాములు చేరాయి. మా ఇంటి ఎదుట 40 అడుగులు 60 అడుగుల సైటు ఒకటి అలా ఉండేది. దాని యజమాని దూరాన ఉంటారు. ఫోను చేసి అడిగితే "చేసుకోండి సార్, నాకూ శుభ్రంగా ఉంటుంది" అన్నారు. నోటి మాటే, కాగితం లేదు. 36 సంవత్సరాలు ప్రతి పైసాకు రశీదు అడిగినవాణ్ణి, ఆనాడు కాగితం అడగలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

2018 జులైలో 12 కుటుంబాలవారం తలా 2,500 రూపాయలు వేసుకొని 30,000 పోగుచేశాం. కోశాధికారిగా నన్నే పెట్టారు. కంచెకు 14,000, ఎర్రమట్టికి 6,000, డ్రమ్ములు గొట్టాలకు 5,500, పార గునపం వంటి పనిముట్లకు 3,500 ఖర్చయి 1,000 రూపాయలు మిగిలాయి. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల మడులు 24 చేశాం. ఇంటికి రెండు. మడి వెడల్పు నాలుగు అడుగులే ఎందుకంటే, రెండువైపుల నుండీ చెయ్యి నడుమకు అందాలి. మడిలో కాలు పెడితే నేల గట్టిపడుతుంది.

మొదటి మూడు నెలలు మాకేమీ రాలేదు. ఆ నేల మట్టి కాదు, ఇళ్ళు కట్టినవారు పారబోసిన సిమెంటు పెళ్ళలు, కంకర. అడుగు లోతు తీసిపారేసి, ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి నింపవలసి వచ్చింది. బెండ వేస్తే ఆకుల ఈనెలు పసుపుపచ్చబడి చచ్చింది. తరువాత హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్కా అనామిక విత్తనం వేశాం. అది ఆ తెగులును తట్టుకొనే రకమట. నిజంగానే నిలబడింది. తోటకూరలో అర్కా సుగుణ కోసిన కొద్దీ మళ్ళీ చిగిర్చింది. పుస్తకంలో ఒక విత్తనం పేరు ముందు ఆ సంస్థ పేరు చదివితే మీకది ఒక మార్కు ప్రశ్న. మాకు ఆ సంవత్సరం అది కూర.

ఎరువు సంగతి ఒక మాట. బెంగళూరు చెత్తను చాలావరకు మండూరు గ్రామం దగ్గర కొండలా పోసేవారు. ఆ ఊరివారు దుర్వాసన, ఈగలు, చెడిపోయిన బావులు భరించలేక పోరాడితే 2014లో అది ఆగింది. మన వంటింటి తొక్కలు మరొకరి ఊరి బావిని చెరిచాయన్నమాట. మేము 12 ఇళ్ళ తడి చెత్తను తోట మూలనున్న రెండు గుంటలలో వేసి, ఒక బుట్ట తడి చెత్తకు రెండు బుట్టల ఎండాకుల చొప్పున కప్పుతూ వచ్చాం. ఎండాకు తక్కువైతే కంపు కొడుతుంది, సరిగ్గా వేస్తే వాసన రాదు. రెండు మూడు నెలలకు నల్లని ఎరువు తయారవుతుంది.

ఇక జమాఖర్చులకు వస్తాను. ప్రతి కోతనూ తూకం వేసి పుస్తకంలో వ్రాశాను. మొదటి సంవత్సరం మొత్తం 412 కిలోలు. మా వీధి అంగడి ధర సగటున కిలో 34 రూపాయలు కట్టినా 14,008 రూపాయలు. ఆ సంవత్సరం విత్తనాలు, ఎరువు, నీటి మోటారు కరెంటు కలిపి 13,200. అంటే 808 రూపాయల మిగులు. అయితే కామర్స్ చదివినవాడు తరుగుదల చూపకుండా ఉండలేడు. 29,000 పెట్టుబడిని ఐదేళ్ళకు పంచితే ఏటికి 5,800. కనుక నికర నష్టం 4,992 రూపాయలు. ఎవరి కష్టానికీ కూలి కట్టకుండానే ఇది. సర్వసభ్య సమావేశంలో ఈ లెక్క చదివినప్పుడు ఒక సభ్యుడు "మరి ఎందుకండీ ఈ తంటా, కొనుక్కుంటే పోలేదా?" అన్నారు. ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్ననే మరో విధంగా మా ఆకుకూరలమ్మ వేసింది. ఆమె హొసకోటె అవతలి పల్లె నుండి ప్రతిరోజూ తెల్లవారుజామున బస్సులో బుట్టతో వచ్చేది. కన్నడం ఎంత బాగా మాట్లాడేదో మన తెలుగూ అంతే. ఒకనాడు మా తోట గేటు దగ్గర బుట్ట పట్టుకొని నిలబడి, "ఏం సారూ, మీరంతా ఆకుకూరలు పెంచుకుంటే నా బుట్ట ఎవురు దించుతారు?" అన్నది. నవ్వుతూనే అన్నది గాని నాకు నవ్వు రాలేదు. మాకది కాలక్షేపం, ఆమెకు కూడు. ఆ వారమే మేమొక తీర్మానం చేసుకున్నాం – కొత్తిమీర, మెంతికూర, పాలకూర మేము వేయము, అవి ఆమె దగ్గరే కొంటాము. ఆమె మాకు పొన్నగంటి, చుక్కకూర, గంగవాయిలి కూర ఎలా వేయాలో చూపించింది. "ఎండ పడని తావులో ఏదీ వేయొద్దు, నీళ్ళు సాయంత్రం కాదు, పొద్దున పోయండి" అని చెప్పింది. పుస్తకాలలో అయిదారు గంటల ఎండ కావాలని ఉంటుంది. ఆమె ఆ పుస్తకాలు చదవలేదు.

ఇప్పుడు నా పొరపాటు. తోట పక్క సైటులో నాలుగంతస్తుల కట్టడం లేస్తుండేది. దాని కావలి కుటుంబం రేకుల గుడిసెలో ఉండేది. అనంతపురం జిల్లా నుండి పనికి వచ్చినవారు. వారి పిల్లవాడు అయిదో తరగతి. 2019 ఫిబ్రవరిలో ఒక ఉదయం వాడు కంచె సందులోంచి వచ్చి అయిదారు టమాటాలు కోసుకున్నాడు. నేను చూశాను. వాడి చెయ్యి పట్టుకొని, తండ్రిని పిలిపించి, నలుగురి ముందు "ఇది దొంగతనం కాదా?" అని అడిగాను. తండ్రి ఏమీ అనలేదు. జేబులోంచి ఇరవై రూపాయలు తీసి ఇచ్చాడు. నేను తీసుకున్నాను. తీసుకొని రశీదు కూడా వ్రాసిచ్చాను. ఆ ప్రతి ఇప్పటికీ నా పుస్తకంలో ఉన్నది. లెక్క ప్రకారం అది సక్రమమే. ఆ రాత్రి మా ఇంటావిడ "పావుకిలో టమాటాలకు పిల్లవాడి మొహం అలా చేశారు" అని ఒక్క మాట అని ఊరుకున్నది.

2020 మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్ వచ్చినది మీకందరికీ గుర్తే. మా సభ్యులలో ఎక్కువమంది అరవై దాటినవారం. మా పిల్లలు మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఆకుకూరలమ్మకు బస్సు లేదు. ఎండలు ముదురుతున్నాయి, రెండు రోజులు నీళ్ళు లేకపోతే తోట మాడిపోతుంది. మూడో రోజు ఉదయం నేను మేడ మీద నుండి చూసేసరికి ఆ పిల్లవాడు, వాడి తల్లి మడులకు నీళ్ళు పోస్తున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ పురమాయించలేదు. వారి కట్టడం పని ఆగిపోయి కూలి నిలిచింది. అయినా కోసుకోలేదు. కోసినది కంచె మీద పెట్టి, మా ఇంటి వైపు చూసి చెయ్యి ఊపాడు వాడు.

చిరంజీవులారా, ఆ రోజు మేడ మీద నేను చాలాసేపు కూర్చుండిపోయాను. సాయంత్రం మాస్కు కట్టుకొని దిగి వెళ్ళి, ఆ ఇరవై రూపాయలు ఆ తండ్రి చేతిలో పెట్టి, "నేను తప్పు చేశానయ్యా" అన్నాను. ఆయన "పోనీండి సార్, పిల్లోడిదీ తప్పే కదా" అన్నాడు. నెలకు ఎంత ఇవ్వమంటారని అడిగితే, ఆ తల్లి "డబ్బులొద్దు సార్, మాకూ ఒక మడి ఇయ్యండి" అన్నది. సభ్యత్వం లేనివారికి మడి ఇవ్వకూడదని నియమం వ్రాసినది నేనే. ఫోనులోనే అందరినీ అడిగి ఆ నియమం కొట్టేశాం. ఆమె మడిలో గోంగూర, మిరప వేసింది. ఆ రెండు నెలలూ తోటలో పండినది 12 ఇళ్ళకే కాదు, ఆ కట్టడంలో చిక్కుకుపోయిన కూలీల పొయ్యిలకూ వెళ్ళింది. అదేమీ దానధర్మం కాదు. వారు నీళ్ళు పోశారు, వారూ తిన్నారు.

2021లో ఆ కట్టడం పూర్తయి వారు వెళ్ళిపోయారు. ఎక్కడ ఉన్నారో నాకు తెలియదు. ఆ పిల్లవాడు చదువు కొనసాగిస్తూ ఉంటే ఈపాటికి కాలేజీ గడప దగ్గర ఉండాలి. ఇటువంటి సభలో పేర్లు పిలిచినప్పుడల్లా ఆ పేరు వినిపిస్తుందేమోనని వింటూ ఉంటాను.

అదే సంవత్సరం సెప్టెంబరులో యజమాని సైటు అమ్మేశారు. పది రోజులు గడువు. అది ఆయన తప్పు కాదు, ఆయన సొత్తు ఆయనది. కాగితం వ్రాయించుకోకపోవడం మా తప్పు. జేసీబీ వచ్చి ఒక్క పూటలో మూడేళ్ళ మట్టిని ఎత్తి లారీలో పోసింది. కాపు మీదనున్న అనపపాదు కంచెతో సహా పోయింది. నాతో పనిచేసిన ఒక పెద్దావిడ గేటు దగ్గర నిలబడి ఏడ్చింది. బ్యాంకులో ఎంతమందికి "సంతకం లేకుండా ఏ మాటా నమ్మవద్దు" అని చెప్పానో లెక్క లేదు.

2022 జనవరిలో మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి మా లేఔటు సంఘం స్థలంలో, నీళ్ళ ట్యాంకు పక్కన. సర్వసభ్య సమావేశంలో తీర్మానం, అయిదేళ్ళ ఒప్పందం, రెండు ప్రతులు, ఇరువైపుల సంతకాలు. 20 మడులు, 14 కుటుంబాలు. అందులో మూడు మడులు సభ్యత్వం లేనివారికి – కావలివారు, ఇళ్ళలో పనిచేసేవారు, అద్దెకున్నవారు ఎవరైనా అడగవచ్చు. ఈ నియమం ఒప్పందంలోనే వ్రాయించాను.

ఆ తరువాత 2024 మార్చి వచ్చింది. బోర్లు ఎండిపోయి బెంగళూరంతా ట్యాంకర్ల కోసం కాచుకున్న రోజులు. తాగే నీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఉత్తర్వు చేసింది. అది న్యాయమే. మనుషులకు లేని నీళ్ళు మొక్కలకెలా పోస్తాం? మా వాననీటి డ్రమ్ములు ఎప్పుడో ఖాళీ. తోట మానేద్దామన్నారు కొందరు. చివరికి 20 మడులలో 12 వదిలేసి, 8 మాత్రం ఉంచుకున్నాం. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు ఇంటికి పది లీటర్ల చొప్పున 14 ఇళ్ళ నుండి బక్కెట్లలో మోశాం. మడుల మీద నాలుగు అంగుళాల మందాన ఎండాకు పరచాం. గోంగూర, అలసంద, గంగవాయిలి బ్రతికాయి. టమాటా, ముల్లంగి పోయాయి. ఆ రెండు నెలలలో మా ఇళ్ళలో ఎన్ని నీళ్ళు వృథాగా మోరీలోకి పోయేవో మొదటిసారి కొలత తెలిసింది.

ఇటువంటి తోటలు మా గొప్ప కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడల మీద తిండి రావడం కష్టమైనప్పుడు ఇంగ్లాండు ప్రభుత్వం పార్కులలో, పెరళ్ళలో కూరగాయలు పండించమని ప్రజలను పిలిచింది. అమెరికాలో అటువంటి తోటలు దాదాపు 2 కోట్లు వేశారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయి పెట్రోలు, ఎరువులు ఆగిపోయినప్పుడు క్యూబా దేశపు రాజధాని హవానా తన ఖాళీ స్థలాలలోనే కూరగాయలు పండించుకున్నది. మన లాల్ బహదూర్ శాస్త్రిగారు 1965 కరువు కాలంలో తన అధికార నివాసపు పచ్చికను దున్నించి పంట వేయించారు. బెంగళూరులో 2011 నుండి మేడ తోటల వారి కోసం "ఊట ఫ్రమ్ యువర్ తోట" అనే సంతలు జరుగుతూ వచ్చాయి. డాక్టర్ విశ్వనాథ్‌గారి ప్రోత్సాహంతో వేలాది ఇళ్ళవారు మేడ మీద కూరగాయలు పెంచడం నేర్చుకున్నారు. అలాగే రైతు నేరుగా అమ్ముకొనేందుకు ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు, అదే సంవత్సరం నవంబరు 14న మదురైలో ఉళవర్ సందై మొదలయ్యాయి. మీ ఊరిలో అటువంటి సంత ఉంటే అక్కడ కొనడం కూడా ఈ పనిలో భాగమే. నగరపు తోట ఎంత పండించినా రైతుకు బదులు కాలేదు. నా 412 కిలోలు 12 ఇళ్ళకు పంచితే ఇంటికి నెలకు మూడు కిలోలు కూడా రావు.

మరి ఆనాటి సభ్యుడి ప్రశ్నకు నా జవాబేమిటి? నా పుస్తకంలో ఇప్పటికీ అది నష్టమే, దాన్ని లాభంగా దిద్ది చూపను. అయితే మూడు సంగతులు చూశాను. ఒకటి, ఒకే వీధిలో పదిహేనేళ్ళుండి పేర్లు తెలియని ఇళ్ళవారం ఇప్పుడు ఒకరి ఇంట్లో జ్వరమొస్తే మరొకరు మడి తడుపుతాం. రెండు, మా పిల్లలు కూరలు తింటున్నారు. తాము కోసిన బీరకాయను వద్దనరు. మూడు, మన భాష. మనం తరతరాలుగా కన్నడ నాట ఉన్నాం, ఈ నేల మనకు అన్నం పెట్టింది, కన్నడం మన పిల్లల బడి భాష. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని మాటలు తగ్గిపోతున్నాయి. తోటలో మా మనుమరాలు "దంటు" అంటే నేను తోటకూర అన్నాను. "బసళె" అంటే బచ్చలి, "హొనగొన్నె" అంటే పొన్నగంటి. ఆమె కన్నడ పేరు, తెలుగు పేరు రెండూ అట్టముక్క మీద వ్రాసి మడిలో గుచ్చింది. మాఘమాసపు చలిలో అందరం కూర్చొని అనపగింజలు పితికి, పితికిపప్పు కూర వండుకుంటే పొరుగు కన్నడవారు "మాదీ ఇదే, హితికిద బేళె సారు" అన్నారు.

విద్యార్థులకు నా మనవి ఇది. మీలో బరంపురం నుండి, షోలాపూర్ నుండి, యానాం నుండి వచ్చినవారున్నారు. అద్దె ఇళ్ళు, ఇరుకు గదులు అని తెలుసు. నాలుగు పాత బక్కెట్లు, ఎండ పడే కిటికీ చాలు. ఒక కుండీలో గోంగూర వేసి, ఎన్ని నీళ్ళు పోశారో, ఎంత కోశారో రోజూ వ్రాయండి. ఆ పుస్తకం మీకు కామర్స్ నేర్పుతుంది, సైన్సూ నేర్పుతుంది. ఇందులో ఆసక్తి కలిగితే చదువులూ ఉన్నాయి – బెంగళూరు జి.కె.వి.కె.లో, బాగల్‌కోట ఉద్యాన విశ్వవిద్యాలయంలో, కోయంబత్తూరులో, భువనేశ్వరులో, రాహురిలో. ఇంజనీరింగు ఒక్కటే చదువని తల్లిదండ్రులు అనుకోవద్దు.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. ఈ రోజు మీరు అందుకున్న వేతనం ఎవరో ఎక్కడో నీళ్ళు పోసినదే. దాతలు తమ పేర్లు చెప్పవద్దన్నారు. రేపు మీరు ఉద్యోగాలలో కూర్చుంటారు, నియమాలు వ్రాసే చోట ఉంటారు. నియమం వ్రాసేటప్పుడు కంచె అవతల ఎవరున్నారో ఒకసారి లేచి చూడండి. నేను చూడకుండా వ్రాసి, ఒక పిల్లవాడికి ఇరవై రూపాయల రశీదు ఇచ్చినవాణ్ణి.

 బయట బల్ల మీద గోంగూర, తోటకూర విత్తనాల పొట్లాలు పెట్టాను. ఇంటికొకటి తీసుకువెళ్ళండి. వాటికి రశీదు లేదు.